నులక వదులైతే: గుంటూరు మిర్చి కూలీ ఆడవాళ్లకు పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం నేర్పడంలో ఉన్న చిక్కులు

గుంటూరులో మిర్చి సీజన్ మొదలైందంటే కోల్డ్ స్టోరేజీల పక్కన, షెడ్ల నీడన ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని ముచ్చికలు తీస్తుంటారు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ కుమ్మరించగానే ఘాటు లేస్తుంది. ముక్కుకు కొంగు అడ్డం కట్టుకున్నా ఆగదు. తుమ్ములు, దగ్గులు, కళ్ల నీళ్లు. అలవాటైన వాళ్లకు అదొక లెక్క కాదు. కానీ దగ్గు తెర వచ్చినప్పుడల్లా కొందరు గబుక్కున మోకాళ్లు దగ్గరికి చేర్చుకుంటారు. ఇంకొందరు లేచేటప్పుడు తాము కూర్చున్న గోనె పట్టాను మడిచి, తిరగేసి పెట్టి వెళ్తారు. నేను ఫిజియోథెరపిస్టుని గనక నా కళ్లు అక్కడికే పోతాయి. దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే వాళ్లకు ఒంటేలు చుక్కలు పడుతున్నాయి.

అడిగితే ఎవరూ ఔననరు. కాసేపటికి, పక్కన ఎవరూ లేరని చూసుకున్నాక, "ముగ్గుర్ని కన్నాక ఇంక అంతే గదా మేడమ్" అంటారు. ఆ 'అంతే గదా' అన్న మాట దగ్గరే నాకు మనసు ఒప్పదు. కాన్పుల తర్వాత ఈ ఇబ్బంది చాలామందికి వస్తుంది, నిజమే. చాలామందికి వస్తుంది కాబట్టి భరించాల్సిందే అనడం మాత్రం తప్పు. దగ్గితే తడి అయ్యే సమస్యకు డాక్టర్లు మొట్టమొదట చెప్పాల్సిన వైద్యం వ్యాయామమే. దానికి మెషీన్లు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. మరి అవసరం ఎక్కువ ఉన్న ఈ ఆడవాళ్ల దగ్గరికే అది ఎందుకు చేరలేదు? చేయడం తేలికే. నేర్పడం కష్టం. ఆ కష్టం ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మంచం, నులక, బరువు

ముందు శరీరం సంగతి. మన నడుము కింది ఎముకల చట్రాన్ని నులక మంచం అనుకోండి. ఎముకలు పట్టెలు, కోళ్లు. ముందువైపు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా అల్లుకున్న కండరాలు నులక. ఆ నులక మీద మూత్రాశయం, గర్భసంచి, మలాశయం కూర్చుని ఉంటాయి. ఆ అల్లికలోంచే మూడు దారులు బయటికి వస్తాయి: ఒంటేలుకు పోయేది, బిడ్డ వచ్చేది, దొడ్డికి పోయేది. ఒంటేలు దారీ, బిడ్డ వచ్చే దారీ ఒకటేనని నమ్మే ఆడవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. ఇంట్లో చెప్పలేదు, బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు టీచర్ పేజీ తిప్పేసి ఉంటుంది.

ఈ కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి తన్నుతుంది. నులక బిగువుగా ఉంటే ఆ తాపును తట్టుకుని ఒంటేలు దారిని మూసి ఉంచుతుంది. వదులైతే మూత కదులుతుంది, చుక్కలు పడతాయి. నెలలు నిండిన కడుపు బరువు, గంటల తరబడి నొప్పులు పడ్డ కాన్పు, పచ్చి బాలింతగానే బిందెలు మోయడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ముట్లుడిగాక హార్మోన్ తగ్గడం, ఇవన్నీ నులకను సాగదీసేవే.

"నాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు గదా, నాకెందుకొస్తుంది" అని అడుగుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. సిజేరియన్ వల్ల ముప్పు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. తొమ్మిది నెలల బరువు మోసింది ఆ నులకే కదా.

మంచం నులక వదులైతే మనం దాన్ని పారేయం. కాళ్లవైపు తాళ్లు లాగి బిగిస్తాం. ఈ పోలిక చెప్పగానే పెద్దవాళ్ల ముఖాల్లో అర్థమైందన్న వెలుగు కనిపిస్తుంది. బొమ్మలు, చార్టులు చూపించినప్పుడు అలా ఎప్పుడూ కనిపించలేదు.

అన్నీ ఒకే జబ్బు కాదు

'కింద బాగోలేదు' అన్న ఒక్క మాటలో నాలుగైదు వేరువేరు బాధలు దాక్కుని ఉంటాయి. నేర్పేవాళ్లు ముందు వాటిని విడదీయాలి.

దగ్గితే, నవ్వితే చుక్కలు పడటం ఒకటి. ఒంటేలు వస్తోందని తెలిసిన క్షణం నుంచి ఆపుకోలేక పరుగెత్తడం, దారిలోనే తడి అయిపోవడం ఇంకొకటి. ఈ రెండోదానికి కండరాల బలంతో పాటు మూత్రాశయాన్ని మచ్చిక చేసుకోవడం కూడా కావాలి. తొందర పుట్టగానే పరుగెత్తకుండా నిలబడి, కండరాన్ని లోపలికి లాక్కుని, ఆ తెర తగ్గాక నడవాలి. అలా కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి వ్యవధి పెంచుకుంటూ పోవాలి. కొందరికి రెండూ కలిసి ఉంటాయి.

మూడోది గర్భసంచి జారడం. సాయంత్రానికి కింద బరువుగా లాగుతుంది, ముద్దలాంటిది చేతికి తగులుతుంది. కొంచెం జారినప్పుడు వ్యాయామం బాధను తగ్గిస్తుంది. పూర్తిగా బయటికి వచ్చినదాన్ని వ్యాయామం లోపలికి పంపలేదు. అలాంటి వాళ్లకు డాక్టరు లోపల అమర్చే మెత్తటి రింగు ఉంది, అవసరమైతే ఆపరేషన్ ఉంది. రింగు సంగతి చెబితే నోరెళ్లబెట్టే ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.

నాలుగోదాన్ని తొందరపాటులో మర్చిపోతుంటాం. కొందరికి నులక వదులై కాదు, మరీ బిగుసుకుపోయి బాధ వస్తుంది. భర్తతో కలిసినప్పుడు నొప్పి, ఒంటేలు మొదలవడానికే కష్టం, దొడ్డికి పోవాలంటే కష్టం. వీళ్లకు 'ఇంకా బిగించు' అని చెప్పడం పుండు మీద కారం చల్లినట్టే. వీళ్లు నేర్చుకోవాల్సింది వదలడం: వెల్లకిలా పడుకుని, పొట్ట నిండా గాలి పీల్చుకుంటూ కింది కండరాన్ని జారవిడవడం. అందుకే గుంపు మొత్తానికి ఒకే వ్యాయామం చెప్పి వచ్చేయడం నాకు సరిగా అనిపించదు.

వ్యాయామం జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి పంపాల్సిన వాళ్లూ ఉంటారు. కాన్పు తర్వాతో, ఆపరేషన్ తర్వాతో రాత్రీ పగలూ ఆగకుండా ఒంటేలు కారుతుంటే అది లోపల దారి చిల్లుపడిన లక్షణం కావచ్చు. ఒంటేలులో రక్తం, జ్వరంతో మంట, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించడం, ఒంటేలు బిగుసుకుని రాకపోవడం కూడా అంతే. గుంటూరు వాళ్లకు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) ఉంది, విజయవాడ వాళ్లకూ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కూలి పోగొట్టుకుని, ఓపీ చీటీ కోసం వరసలో నిలబడాలి. అది చిన్న సంగతేం కాదు. అందుకే చీటీ మీద ఏ విభాగానికి వెళ్లాలో రాసిచ్చి, డ్వాక్రా సంఘంలో ఒకరిని తోడు పంపితేనే వాళ్లు వెళ్తారు.

'బిగబట్టండి' అంటే ఏమవుతుందంటే

అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగెల్ ఈ వ్యాయామం గురించి 1948లో రాశాడు. అందుకే దానికి కీగెల్ అన్న పేరు వచ్చింది. ఇప్పుడు ఫోన్లలో ఎక్కడ చూసినా 'కీగెల్ చేయండి' అన్న వీడియోలే. చెప్పినంత మాత్రాన చేయగలరా? 1991లో అమెరికాలోనే 47 మంది ఆడవాళ్లకు నోటిమాటతో కాసేపు చెప్పి, వెంటనే పరీక్షించి చూశారు. 23 మంది మాత్రమే సరిగ్గా చేశారు. 12 మంది చేసిన తీరు సమస్యను పెంచేలా ఉంది, ఎందుకంటే వాళ్లు లోపలికి లాగే బదులు కిందికి ముక్కుతున్నారు. అర్థమైందని తలూపిన వాళ్లలో నాలుగోవంతు మంది తమకు తామే హాని చేసుకుంటున్నారన్నమాట. నేర్పేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. అది నేను పొరపాటు చేశాకే తెలుసుకున్నాను. మొదట్లో "ఒంటేలు బిగబట్టుకున్నట్టు బిగబట్టండి" అని చెప్పేదాన్ని. ఇరవై మందీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. పిడికిళ్లు బిగించారు, పళ్లు బిగించారు, పొట్టలు ఉబ్బాయి. మన భాషలో 'బిగబట్టడం' అన్న మాట ఊపిరికీ, ఏడుపుకూ, ఒంటేలుకూ ఒకటే. వినగానే శరీరం అన్నిటినీ కలిపి బిగిస్తుంది. ఊపిరి బిగబడితే పొట్టలో ఒత్తిడి పెరిగి నులక మీద ఇంకా బరువు పడుతుంది. ఆ రోజు నుంచి ఆ మాట మానేశాను. 'లోపలికి లాక్కోండి, పైకి ఎత్తండి' అంటున్నాను.

ఇప్పుడు చెప్పే పద్ధతి ఇది. చేతిగుడ్డను చుట్టలా చుట్టి, ముందు నుంచి వెనక్కి ఉండేలా దాని మీద కూర్చోమంటాను. "నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ వచ్చేలా ఉంది. ఏం చేస్తారు?" అని అడుగుతాను. నవ్వులు ఆగాక, ఆ వెనక దారిని ముడుచుకోమంటాను. అక్కడి నుంచి అలా ముడుచుకోవడాన్ని ముందువైపు ఒంటేలు దారి దాకా తీసుకురమ్మంటాను. అత్తిపత్తి ఆకు తాకితే ముడుచుకున్నట్టు. సరిగ్గా చేస్తే గుడ్డ చుట్ట మీది నుంచి లోపలి భాగం కొంచెం పైకి లేచినట్టు తెలుస్తుంది. గుడ్డ మీదికి నొక్కుకున్నట్టు అనిపిస్తే అది ముక్కడం, తప్పు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే పొట్ట ఉబ్బుతోందో లేదో కూడా తెలిసిపోతుంది. పిర్రలు, తొడలు కదలకూడదు. ఇంటికెళ్లాక స్నానాల గదిలో చేత్తో తాకి చూసుకోమని కూడా చెబుతాను. అది తప్పుపని కాదని రెండు మూడుసార్లు చెబితే గానీ నమ్మరు.

ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి లెక్క పైకి చెప్పిస్తాను. ఒక పెద్దామె ధాన్యం కొలిచేటప్పటి అలవాటుతో "లాభం, రెండు, మూడు…" అని మొదలుపెట్టింది. అప్పటి నుంచి మా గుంపులో అదే లెక్క. మాట్లాడుతూ ఊపిరి ఆపడం ఎవరి వల్లా కాదు గనక ఈ చిన్న పని బాగా పనిచేస్తుంది.

మొదట్లో మూడు లెక్కలు పట్టి ఉంచి, తర్వాత మళ్లీ అంతేసేపు పూర్తిగా వదిలేయాలి. మెల్లగా పది లెక్కల దాకా పెంచుకోవాలి. ఒక విడతకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, తక్కువలో తక్కువ మూడు నెలలు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే. ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ వ్యాయామంలా చేయకూడదు. ఏ కండరమో ఒకసారి తెలుసుకోవడానికైతే సరే, అలవాటు చేసుకుంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. యోగా తెలిసినవాళ్లు 'ఇది మూలబంధమే గదా' అంటారు. చాలావరకు అంతే. కాకపోతే కుంభకంతో కలిపి చేయించే పద్ధతిలో ఊపిరి ఆపుతారు, మనకు ఇక్కడ అది పనికిరాదు.

మిర్చి పని చేసేవాళ్లకు అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఇంకొకటి ఉంది: దగ్గు రాబోతోందని తెలియగానే, దగ్గడానికి ముందే కండరాన్ని లోపలికి లాక్కోవడం. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 27 మంది పెద్దవయసు ఆడవాళ్లకు ఈ ఒక్క కిటుకు నేర్పి, వారం తర్వాత పరీక్షించారు. మామూలుగా దగ్గినప్పుడు పడే తడి 98 శాతం, గట్టిగా దగ్గినప్పుడు 73 శాతం తగ్గింది. కండరం బలపడటానికి నెలలు పడుతుంది, వారంలో బలం రాదు. సమయానికి వాడుకోవడం నేర్చుకున్నందుకే ఆ తేడా వచ్చింది. ఘాటు ముక్కుకు తగిలి, గొంతు గరగరలాడి, దగ్గు వచ్చేలోపు ఒక క్షణం ఉంటుంది. ముచ్చికలు తీసేవాళ్లకు ఆ క్షణం నాకంటే బాగా తెలుసు. విజయవాడ కొండ ప్రాంతాల్లో మెట్లెక్కి నీళ్లు మోసే ఆడవాళ్లకూ ఇదే కిటుకు: బిందె చంకకు ఎత్తే ముందు లోపలికి లాక్కుని, ఊపిరి వదులుతూ ఎత్తడం.

గుంపులో నేర్పొచ్చా?

ఇంత సున్నితమైన సంగతి ఒక్కొక్కరికి విడిగా, తలుపు వేసి నేర్పాలని చాలామంది వైద్యులు అనుకునేవాళ్లు. అదే నిజమైతే మన బస్తీలకు ఎప్పటికీ అందదు, అంతమంది ఫిజియోథెరపిస్టులు ఎక్కడున్నారు? కెనడాలో 60 ఏళ్లు దాటిన 362 మందితో చేసిన పరిశోధన 2020లో వచ్చింది. సగం మందికి విడిగా, సగం మందికి గుంపులో పన్నెండు వారాలు నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే విడిగా నేర్చుకున్న వాళ్లకు తడి సుమారు 70 శాతం, గుంపులో నేర్చుకున్న వాళ్లకు సుమారు 74 శాతం తగ్గింది. అంటే గుంపు ఏమీ తక్కువ కాదు. అయితే గుంపులో కూర్చోబెట్టే ముందు ప్రతి ఒక్కరినీ విడిగా పరీక్షించి, సరిగ్గా ముడుచుకుంటున్నారో లేదో సరిచేశారు. మనం ఆ మొదటి మెట్టు దాటవేసి గుంపును మాత్రం తీసుకుంటే కెనడా ఫలితం మనకు రాదు.

మనకు గుంపులు కొత్త కాదు. డ్వాక్రా సంఘాలున్నాయి, పట్టణాల్లో ఆ సంఘాలను చూసుకునే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలున్నారు. నెలనెలా పొదుపు కట్టడానికి ఎలాగూ కూర్చుంటారు. కానీ ఆ కూర్చునే చోట అత్తా కోడళ్లు ఒకే సంఘంలో ఉంటారు. అత్త ముందు కోడలు నోరు విప్పదు, కోడలి ముందు అత్త అసలే విప్పదు. వయసును బట్టి రెండు గుంపులు చేశాక మాకు మాటలు మొదలయ్యాయి. ఎంతమందికి ఇబ్బంది ఉందో తెలుసుకోవడానికి చేతులెత్తమనడం మానేసి, అందరికీ ఒక చింతపిక్క, ఒక గవ్వ ఇచ్చాం. తడి అవుతుంటే చింతపిక్క, లేకపోతే గవ్వ గుడ్డసంచిలో వేయమన్నాం. సంచి బోర్లించి చూపించినప్పుడు చింతపిక్కల కుప్ప చూసి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తన ఒక్కదానికే ఉందనుకున్న ప్రతి ఒక్కరికీ ఆ కుప్పే జవాబు. ఆ తర్వాత నేను పెద్దగా అడగాల్సిన పని రాలేదు.

గర్భసంచి తీసేస్తే పోతుందా?

ఈ ప్రశ్న అడగని గుంపు మన జిల్లాల్లో ఉండదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుం నొప్పి, 'ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అన్న భయం, ఇలా రకరకాల కారణాలతో ముప్పై అయిదేళ్లకే అప్పుచేసి తీయించుకున్న వాళ్లు నా గుంపుల్లో ఉన్నారు. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం, ప్రాణం నిలబెడుతుంది. దాని మీద నాకు అభ్యంతరం లేదు. అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు కూడా 2023లో రాష్ట్రాలన్నీ కేంద్ర మార్గదర్శకాలు అమలు చేయాలని ఆదేశించింది.

మన లెక్కలోకి వస్తే, గర్భసంచి మంచం మీది ఒక బరువు. దాన్ని తీసినంత మాత్రాన నులక బిగుసుకోదు. దగ్గితే పడే చుక్కలు ఆపరేషన్ తర్వాతా పడతాయి. కొందరికి గర్భసంచి పోయాక బిడ్డ వచ్చే దారి పైభాగమే కిందికి జారుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన మార్పులన్నీ ఒక్కసారిగా మీద పడి కండరాలు, ఎముకలు బలహీనపడతాయి. కాబట్టి తీయించుకున్న వాళ్లకు వ్యాయామం ఇంకా ఎక్కువ అవసరం. 'నాకు గర్భసంచే లేదు గదా, ఈ మీటింగ్ నాకెందుకు' అని లేచి వెళ్లబోయే అక్కను ఆపి కూర్చోబెట్టాల్సింది ఇందుకే.

2018లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, దగ్గితే తడి అయ్యే ఇబ్బంది ఉండి వ్యాయామం చేసిన వాళ్లలో 56 శాతం మంది తమకు తగ్గిపోయిందన్నారు. ఏ వైద్యమూ లేని వాళ్లలో ఆ మాట అన్నది 6 శాతమే. కత్తి పెట్టకుండా వచ్చిన ఫలితం ఇది. ముందు మూడు నెలలు ఇది చేసి చూడమని అడిగే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉంది.

వ్యాయామం చేయలేనివి

ఒక మాట గట్టిగా చెప్పాలి. పనిచోట మరుగుదొడ్డి లేక, పొద్దున్నే ఇంట్లో పోసి వచ్చి మళ్లీ చీకటి పడేదాకా ఆపుకునే ఆడమనిషికి వ్యాయామం ఒక్కటే నేర్పి వెళ్లిపోతే అది అన్యాయం. వాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మే ఎండల్లో కూడా. ఒంటేలు చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మంట వస్తుంది, తొందర ఇంకా పెరుగుతుంది. నీళ్లు తగ్గించడంతో దొడ్డి గట్టిపడుతుంది, ముక్కుతారు, నులక ఇంకా సాగుతుంది. కండరం ఎంత బిగించినా ఈ చుట్టు తెగదు. తలుపూ గొళ్లెం, నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి, ఘాటుకు మంచి మాస్కు, రెండు గంటలకోసారి లేచే వీలు, ఇవి కూడా ఈ వైద్యంలో భాగమే. వ్యాయామ తరగతి పెట్టమని కోల్డ్ స్టోరేజీ యజమానులను అడిగినప్పుడు వీటినీ కలిపే అడగాలి.

బాలింతల విషయం కూడా అలాగే ఉంది. కాన్పై ఇంటికొచ్చిన తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు వెళ్తుంది. ఎక్కువగా బిడ్డ బరువు, పాలు, వెచ్చదనం గురించే మాట. ఆ ఆరింటిలో రెండుసార్లు, రెండేసి నిమిషాలు తల్లికి ఈ కండరం సంగతి చెబితే పదేళ్ల తర్వాత మిర్చి కుప్ప దగ్గర మోకాళ్లు చేర్చుకునే వాళ్లు తగ్గుతారు. ఆశాలకు నేర్పడం మొదలుపెట్టినప్పుడు ముందు వాళ్లకే పరీక్ష పెట్టాలి. రోజంతా తిరిగే వాళ్లు కూడా ఇదే బాధలో ఉంటారు, సరిగ్గా ముడుచుకోవడం వాళ్లకూ రాకపోవచ్చు.

ఇక రోజులో ఎప్పుడు చేయాలి? 'తీరిక ఉన్నప్పుడు' అంటే ఎప్పటికీ చేయరు. షేర్ ఆటోలో వచ్చేటప్పుడు ఒక విడత, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు విప్పేముందు ఒకటి, రాత్రి పడుకున్నాక ఒకటి అని వాళ్లే తేల్చుకున్నారు. ఆటోలో నలుగురు కలిసి వస్తారు గనక ఒకరు మర్చిపోయినా ఇంకొకరు మోచేత్తో పొడుస్తారు.

మా కార్యక్రమానికి క్యాలెండర్ మిర్చియార్డే. ఎండాకాలంలో యార్డుకు సెలవులిచ్చాక పని తగ్గి ఆడవాళ్లు తలో దిక్కుకూ పోతారు, మళ్లీ ఆ గుంపు దొరకదు. పన్నెండు వారాలు పూర్తి కావాలంటే ఫిబ్రవరి మొదటివారంలోనే మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలూ విడివిడిగా సరిచూడటానికి, తర్వాత పది వారాలు గుంపుగా. చివరి వారంలో మళ్లీ ఆ గుడ్డసంచి తెస్తాం, మళ్లీ చింతపిక్కలు, గవ్వలు పంచుతాం.